తూము కేసులో నాతోపాటు ముద్దాయిలైన పదిహేడు మందికి

అక్కచెల్లెళ్లకూ, తమ్ముళ్లకూ, వయసులో నాకంటే పెద్దవారైన బాబాయిలిద్దరికీ నమస్కారాలు.

మొన్న ఆదివారం రామాలయం అరుగు మీద లాయరు గారు చెప్పినదంతా విన్నాను. నేను నోరు విప్పలేదు. విప్పలేదు కాబట్టి నేనూ ఒప్పుకున్నానని మీరు అనుకున్నారు. అందులో మీ తప్పు లేదు. ఆ రోజు చెప్పవలసిన మాట ఇప్పుడు రాస్తున్నాను. మీ పదిహేడు గుమ్మాలకూ విడివిడిగా వచ్చి చెప్పవచ్చు. కాని మనం ఆ పని చేసింది పట్టపగలు, నలుగురి ఎదుట. దాని గురించి చెప్పుకొనే మాట కూడా నలుగురికీ తెలిసేలాగే ఉండాలి.

వచ్చే 17న వాయిదా. నేరం ఒప్పుకోవద్దు, రుజువు చేయవలసిన భారం పోలీసులది అని లాయరు గారు చెప్పారు. ఆయన చెప్పింది అంతవరకే. "అసలు ఆ రోజు మేము అక్కడ లేమని చెప్పేద్దాం" అన్న మాట మనలో నుంచి వచ్చింది. ఫొటోల్లో ముఖాలు సరిగా కనబడటం లేదని, సాక్షులంతా రొయ్యల చెరువుల దగ్గర జీతానికి ఉన్నవాళ్లేనని, ఈలోగా కేసు ఎత్తివేయించే పని పెద్దలు చూసుకుంటారని అనుకున్నారు. నేను మాత్రం ఆ మాట అనలేను. తూము మూసిన చేతుల్లో నావి రెండు ఉన్నాయని మేజిస్ట్రేటు గారికి చెబుతాను.

ఎందుకు మూశామో మీకు చెప్పనక్కర్లేదు. కాని ఈ ఉత్తరం పై ఊళ్లవాళ్లు కూడా చదువుతారు. నరసాపురం కాలువ కింద శివారు ఊరు మనది. విజ్జేశ్వరం దగ్గర గోదావరిని విడిచిన నీళ్లు మన పంట బోదెలోకి, అంటే పొలాలకు నీరు తెచ్చే చిన్న కాలువలోకి, వచ్చేసరికి ఎన్ని ఊళ్ల మురికి మోసుకొస్తాయో నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చూశాను. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసేలోపు మంచినీటి చెరువు నింపుకోవాలి. జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలేవరకు ఆ చెరువే దిక్కు. ఆ చెరువుకు నీరు తెచ్చే బోదెలోకే, పట్టుబడి అయినప్పుడల్లా, అంటే రొయ్యలు పట్టినప్పుడల్లా, రొయ్యల చెరువులు తోడి ఉప్పునీరు ఈ తూము గుండా వదులుతూ వచ్చారు. ఒకప్పుడు రేవులో బిందె ముంచుకొని, పటిక వేసి తేర్చుకొని తాగిన ఊరు ఇవాళ 20 లీటర్ల టిన్నులు కొనుక్కుంటోంది. టిన్ను కొనలేని ఇళ్లు ఏవో మీకూ తెలుసు, నాకూ తెలుసు. బోదె పక్క మడుల్లో వరి కొసలు ఎండి, తెల్లటి ఉప్పు పేరుకొని కనబడింది. నాలుగేళ్లలో పదకొండు అర్జీలు పెట్టాం. రసీదులన్నీ నా దగ్గర ఒక అట్టలో ఉన్నాయి. చివరికి, ఫలానా రోజు తూము మూసి రోడ్డు మీద కూర్చుంటామని వారం ముందే కాగితం రాసి, పద్దెనిమిది మందిమీ సంతకాలు చేసి అధికారులకు ఇచ్చాం. ఆ కాగితం ఇప్పుడు పోలీసు ఫైల్లో ఉంది. దాని కింద సంతకం పెట్టిన చేతితోనే "మేము లేము" అని ఎలా రాసిస్తాం?

ఇంతవరకు అందరికీ తెలిసిందే. నేను ముఖ్యంగా రాయాలనుకున్నది ఇక్కడి నుంచి మొదలవుతుంది.

గత ఏడాది ఆరుద్ర కార్తెలో ఆ ఉదయం మనం ఇసుక బస్తాలు పేర్చి, వాటి మీద సిమెంటు పోశాం. తాపీ సరిపోక నేను అరచేత్తోనే మెత్తాను. ఆ తరువాత మధ్యాహ్నం రెండింటి దాకా రోడ్డు మీద కూర్చున్నాం. బస్సు ఆగింది. బడి పిల్లలు నడిచి వెళ్లారు. సాయంత్రం మనల్ని స్టేషనుకు తీసుకెళ్లి, రాత్రికి పూచీకత్తు మీద పంపించారు. ఇంటికి వస్తుంటే వాన మొదలైంది. ఆ రాత్రి, మరునాడు, ఆ తరువాతి రాత్రి కూడా పడుతూనే ఉంది. మనం పెట్టిన అడ్డు మూడో రోజు మధ్యాహ్నానికి గాని పొక్లెయిను తెచ్చి తీయలేదు.

ఆ తూము చెరువుల నీళ్లకు ఒక్కదానికే దారి కాదు. దానికి ఎగువన, చెరువులకూ రోడ్డుకూ మధ్య ఇరుక్కున్న అయిదెకరాల వరి పొలం ఉంది. ఆ పొలం మీద పడిన వాన నీటికి కూడా బయటికి పోవడానికి అదొక్కటే దారి. అది కౌలు పొలం. కౌలుదారు పేరు ఇక్కడ రాయను, మనందరికీ తెలిసినవాడే. మనం తూము మూయడానికి రెండు రోజుల ముందే ఆయన స్వర్ణ విత్తనం నానబెట్టి, మండె కట్టి, మొలక రాగానే పాతిక సెంట్ల నారుమడిలో చల్లుకున్నాడు.

మూడో రోజు పొద్దున్నే నేను వెళ్లాను. మడి మీద మోకాలి లోతు నీళ్లు. గట్టు ఎక్కడుందో కాలితో తడుముకుంటే గాని తెలియలేదు. ఆయన ఒక మూల వంగి, నీళ్లలో చెయ్యి పెట్టి, గుప్పెడు బురద పైకి తీశాడు. మొలకలు పసుపుపచ్చగా, దారం పోగుల్లా జారిపోతున్నాయి. పులిసిన గంజి వాసన వచ్చింది. చేతిని నీళ్లలో కడుక్కొని నా వైపు చూసి, "మీరు చేసింది మంచి పనే బాబాయ్ గారూ. మా ఇంట్లోనూ ఆ నీళ్లే తాగుతున్నాం. ముందు రోజు ఒక్క మాట చెప్పి ఉంటే మడి పక్క నుంచి చిన్న గాడి కొట్టుకొనేవాణ్ణి" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ముప్పై ఆరేళ్లు నీటిపారుదలలో పనిచేశాను. 1986 ఆగస్టు వరద నాటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లు. ఆ రాత్రుళ్లు ఏటిగట్టు మీద పెట్రోమాక్సు లైట్లతో కాపలా కాశాం. నీరు గట్టు తెగకొడుతుందని ఒక భయం, తమ ఊరు దక్కించుకోవడానికి అవతలివాళ్లు మన గట్టు తెగ్గొడతారని మరో భయం. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు. ఒక చోట దించిన గేటు ఇంకొకరి వాకిట్లో నీరై లేస్తుందని ఈ డెల్టాలో పుట్టినవారికి ఒకరు నేర్పనక్కర్లేదు. నీరు ఇటు పోలేకపోతే ఎటు తిరుగుతుందో మీలో ఎవరికైనా తెలియలేదంటే నమ్ముతాను. నాకు తెలియదంటే మీరు నమ్మకండి. ఆ ఉదయం అరచేత్తో సిమెంటు మెత్తుతున్నప్పుడు ఎగువ మడి సంగతి నాకు తట్టింది. వాన పడితే అప్పుడు చూద్దాం అనుకున్నాను. వాన పడింది. అప్పుడు నేను స్టేషను నుంచి ఇంటికి వస్తున్నాను, ఆ తరువాత ఇంట్లో పడుకున్నాను.

పోలీసులు ఇచ్చిన అభియోగపత్రం మీరు చదివారో లేదో. నేను మూడుసార్లు చదివాను. రోడ్డు అడ్డగించినందుకు భారతీయ న్యాయ సంహిత 126(2) పెట్టారు. దానికి నెల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నీటి దారిని అడ్డగించి నష్టం కలిగించినందుకు 326 పెట్టారు. దానికి అయిదేళ్ల వరకు పడవచ్చు. నష్టపోయినవారు అన్న చోట చెరువుల యజమాని పేరు ఉంది. పట్టుబడి ఆలస్యమైందని ఆయన చెప్పుకున్న అంకె ఉంది. పాతిక సెంట్ల నారుమడి మాట ఎక్కడా లేదు. కౌలుదారు ఫిర్యాదు చేయలేదు. ఆయనకు సాగుదారు హక్కు పత్రం కూడా లేదు. 2019 చట్టం ప్రకారం ఆ పత్రానికి భూయజమాని సంతకం కావాలి, ఆ సంతకం ఆయనకు దొరకలేదు. పత్రం లేనివాడికి పంట నష్టం లెక్కలో చోటు ఉండదు. సర్కారు కాగితాల్లో ఆ పొలం ఆయన దున్నడం లేదు, ఆ నారు ఆయన పోయలేదు, అది కుళ్లనూ లేదు. ఇప్పుడు మనం కూడా "మేము అక్కడ లేము" అంటే ఆ నారును ముంచినవాళ్లు కూడా లేకుండా పోతారు.

ఒకటి గట్టిగా చెప్పాలి. తూము మూసినందుకు నేను పశ్చాత్తాపపడటం లేదు. పదకొండు అర్జీల తరువాత ఇంకో దారి మనకు మిగల్లేదు. రేపు మళ్లీ ఆ ఉప్పునీరు బోదెలోకి వదిలితే మళ్లీ రోడ్డు మీద కూర్చుంటాను. చట్టం దాటడం వేరు, దాటలేదని బొంకడం వేరు. దాటాను, ఇందుకోసం దాటాను, దానికి మీరు వేసే శిక్ష ఇదిగో తీసుకుంటున్నాను అన్నప్పుడే ఆ పనికి బలం ఉంటుంది. ఉప్పు చట్టం దాటబోతున్నానని గాంధీజీ 1930 మార్చి 2న వైస్రాయి ఇర్విన్‌కు ముందే ఉత్తరం రాశారు. మన గోదావరి తీరాన, కాకినాడ దగ్గర చొల్లంగిలో బులుసు సాంబమూర్తి గారి వెంట ఉప్పు వండినవారు కూడా చాటుగా వండలేదు. పట్టుకోండి అని పొయ్యి వెలిగించారు. వాళ్లు కోర్టుకు వెళ్లి "మేము సముద్రం ఒడ్డుకే వెళ్లలేదు" అని ఉంటే ఆ ఉప్పుకు రుచి ఉండేదా?

ఉప్పు కంటే ఎక్కువగా ఈ ఆరు నెలలూ నా మనసులో మెదిలింది 1922. ఆ ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషనుకు నిప్పు పెట్టారు. ఇరవై మందికి పైగా పోలీసులు చనిపోయారు. గాంధీజీ అక్కడ లేరు. ఆయన ఉన్న బార్డోలీ ఎక్కడ, చౌరీచౌరా ఎక్కడ? అయినా ఉద్యమం ఆపేశారు, అయిదు రోజులు ఉపవాసం ఉన్నారు. మార్చి 18న అహ్మదాబాదులో జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ ముందు నిలబడినప్పుడు నేరం ఒప్పుకున్నారు. ఆయన మీద పెట్టింది పత్రికలో రాసిన వ్యాసాల మీద రాజద్రోహం కేసు. అయినా చౌరీచౌరా నుంచి, బొంబాయి అల్లర్ల నుంచి తనను తాను వేరు చేసుకోలేనని చెప్పారు. నిప్పుతో చెలగాటమని తెలిసే చేశానని, విడిచిపెడితే మళ్లీ అదే చేస్తానని కూడా అదే నోటితో అన్నారు. ఆరేళ్ల శిక్ష పడింది. తాను చేయని పనికి, వందల మైళ్ల దూరాన జరిగినదానికి ఆయన ఆ మాట అన్నారు. మన నారుమడి మనం కూర్చున్న చోటికి నాలుగు వందల గజాల దూరం కూడా లేదు. ముంచింది మన చేతులే.

జైలుకు సిద్ధపడితే బాధ్యత తీరిపోతుందని నేనూ చాలాకాలం అనుకున్నాను. అది సగమే. శిక్ష మనకూ సర్కారుకూ మధ్య లెక్క. మనకు ఎవరి మీదా కక్ష లేకపోయినా, మధ్యలో నలిగిన మనిషి లెక్క దానితో తీరదు. 2011 సార్వాలో, అంటే వానాకాలం పంటకు, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సాగు ఆపేశారు. వారి గోడు న్యాయమైనది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది, గిట్టుబాటు ధర గురించి దేశమంతా విన్నది. మా అత్తవారి ఊరు అటే. ఆ శ్రావణంలో వెళ్లినప్పుడు, ఊడ్పులు లేక వాకిళ్లలో కూర్చున్న ఆడకూలీలను చూశాను. ఒకామె పిల్లకు జడ వేస్తూ, "రైతులు సెలవు పెట్టారు, మా పొట్టకు ఎవరు పెడతారండీ సెలవు" అంది. ఆ మాట అప్పట్లో నాకు చెవిన పడి పోయింది. మన తూము తరువాత మళ్లీ వినబడింది.

కేసు ఎత్తివేత గురించి. ప్రభుత్వ న్యాయవాది కోర్టు అనుమతితో కేసు ఉపసంహరించుకోవచ్చు, చట్టంలో ఆ వీలు ఉంది. అలా జరిగితే నేను అడ్డుపడలేను. కాని దాని కోసం మనం ఎవరి గుమ్మం ముందూ నిలబడకూడదు. ఇవాళ మన కేసు ఎత్తివేయించిన పెద్దమనిషి రేపు తన మనిషి చెరువు నీళ్లు బోదెలోకి వదిలితే, "మీ కేసు మరిచిపోయారా" అని ఒక్క మాట అంటాడు. ఆ తరువాత మనకు పన్నెండో అర్జీ రాసే నోరు కూడా ఉండదు.

తమ్ముడూ, పోలీసు కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్న నీకు విడిగా చెబుతున్నాను. మీ అమ్మ నన్ను దారిలో ఆపి ఏడ్చింది. నేను ఒప్పుకుంటే నీ ఉద్యోగం పోతుందని ఆమె భయం. ఆ భయం ఉత్తిది కాదు. ఒకే పనికి అందరికీ ఒకే ధర పడదు. నాకు పెన్షన్ వస్తోంది, పిల్లలు స్థిరపడ్డారు. శిక్ష పడితే పెన్షన్‌కు ఇబ్బంది రావచ్చని నాకూ చెప్పారు, దానికి సిద్ధపడే ఉన్నాను. నీ ముందు నలభై ఏళ్ల బతుకు ఉంది. కాబట్టి నువ్వూ నాలాగే చెప్పాలని అడగను. నేరం ఒప్పుకోకుండా, మాట్లాడకుండా ఉండే హక్కు నీకు చట్టమే ఇచ్చింది. అది వాడుకో. అబద్ధం మాత్రం ఆడకు. రేపు యూనిఫారం వేసుకొనేవాడివి, అబద్ధంతో మొదలుపెట్టకు. నేను కోర్టులో నా చేతులు చేసిన పని వరకే చెబుతాను. నీ పేరు గాని, ఇంకెవరి పేరు గాని నా నోటి నుంచి రాదు. అడిగితే, ఆ సంగతి వారినే అడగమంటాను.

వాయిదా పడిన ప్రతిసారీ రోజు కూలి పోగొట్టుకొని, బస్సు ఖర్చులు పెట్టుకొని వస్తున్న అక్కచెల్లెళ్లిద్దరి సంగతీ నాకు తెలుసు. నేరం ఒప్పుకుంటే తిరుగుడు తగ్గుతుందని ఆశ చూపించి మీచేత ఏమీ అనిపించాలని నాకు లేదు. 326లో అయిదేళ్ల మాట ఉంది. లాయరు గారిని మళ్లీ ఒకసారి మీ అంతట మీరు కలిసి, అన్నీ అడిగి, మీకు తోచింది చేయండి.

ఇక నారు సంగతి. కౌలుదారుతో కూర్చుని లెక్క రాశాను. ఆయన మొదట ఒప్పుకోలేదు, బలవంతం చేశాను. రెండోసారి విత్తనం, దమ్ము, కూలి కలిపి 14,000 అయింది. రెండో నారు అందేసరికి ఊడ్పులు ఇరవై రోజులు వెనకబడ్డాయి. పక్క పొలాలతో పోలిస్తే ఎకరాకు దాదాపు ఆరు బస్తాలు తగ్గింది. కౌలు బస్తాలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. తగ్గిన ధాన్యం విలువ అయిదెకరాలకు 49,000. మొత్తం 63,000. పద్దెనిమిది మందికి తలా 3,500. అక్కచెల్లెళ్లిద్దరి వాటా నేను వేసుకుంటాను, వారు మేమే ఇస్తామంటే అది వారి ఇష్టం. ఇది చందా కాదు, బాకీ. దీన్ని ఉద్యమ నిధి పేరుతో ఇవ్వవద్దు. శాలువా వద్దు, ఫొటో వద్దు. మీలో ఎవరూ ఇవ్వకపోయినా ఆ డబ్బు ఆయనకు ముడుతుంది, దూడతో సహా మా గేదెను బేరం పెట్టాను. కాని పద్దెనిమిది మంది చేసిన పనికి ఒక్కడే తీరిస్తే ఆ బాకీ తీరినట్టు నాకు అనిపించదు.

పొక్లెయినుతో పెకలించిన సిమెంటు దిమ్మ ఇంకా తూము పక్కన గట్టు మీదే పడి ఉంది. పోలీసులు దాన్ని తీసుకెళ్లలేదు. గడ్డి మొలిచింది. పక్కకు తొలగించి చూస్తే దాని మీద నా కుడి అరచెయ్యి అచ్చు అయిదు వేళ్లతో సహా కనబడుతుంది. మొన్న అరుగు మీద "రుజువు లేదు" అన్నప్పుడు నా కళ్ల ముందు కదిలింది అదే.

వచ్చే శనివారం సాయంత్రం కౌలుదారు ఇంటికి వెళుతున్నాను. వచ్చేవారు ఆరు గంటలకు తూము దగ్గర ఉండండి, అక్కడి నుంచి కలిసి నడుద్దాం. మడికి ఎగువ నుంచి వాన నీరు విడిగా పోయేలా గాడి ఎక్కడ తవ్వాలో, ఎంత లోతు కావాలో కొలిచి పెట్టాను. వచ్చే సార్వాలోపు అది పూర్తి కావాలి. మళ్లీ తూము మూయవలసి వచ్చినా ఆయన నారు మునగకూడదు. దానికి మనుషులు కావాలి, పారలు తెచ్చుకోండి.

17న పొద్దున ఏడు గంటల బస్సుకు వెళతాను.

ఇట్లు,
మీలో ఒకడు, అభియోగపత్రంలో నాలుగో ముద్దాయి,
రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టరు